టంకశాల తప్పు, బయటి దెబ్బ

బావగారు దొంగ అని నమ్మడానికి సందేహాలమ్మకి మనసొప్పడం లేదు. కాదని చెప్పడానికి ఆధారం ఒక్కటీ దొరకడం లేదు. పొద్దున్నుంచి ఆవిడ ఈ రెంటి మధ్యా నలుగుతోంది. వ్యవహారం తలా తోకా లేకుండా ఉంది, పైగా సొంత ఇంటి వ్యవహారం.

ఆవిడ అసలు పేరు ఆఫీసు గుమ్మం మీది బోర్డుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒకసారి విన్న జవాబునే రెండోసారి అడిగి, మూడోసారి ఇంకొకరి చేత చెప్పించుకునే గుణం వల్ల ఊరంతా సందేహాలమ్మ అనే పిలుస్తారు. ప్రైవేటు డిటెక్టివ్ పనిలో ఆ పేరే ఆవిడకి అన్నం పెడుతోంది, అందుకని ఆవిడా పట్టించుకోలేదు.

జరిగింది ఇదీ. ఆవిడ అక్క భర్త ఒక వేలం సంస్థలో నాణేలు పరీక్షించే ఉద్యోగి. సోమవారం మధ్యాహ్నం ఆయన ఒక నాణేన్ని భూతద్దంతో చూసి, "ఇది టంకశాలలోనే, నాణెం అచ్చుపడేటప్పుడే పుట్టిన తప్పు, అసలైనది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. దాన్ని ఇన్సూరెన్స్ వాళ్ల ఎదుటే కవర్లో పెట్టి, లక్క పోసి, తన ముద్ర కొట్టి ఇనప్పెట్టెలో పెట్టాడు. గురువారం నాడు కొనేవాళ్లకి చూపించడానికి బయటికి తీశారు. లక్క చెక్కు చెదరలేదు. కానీ ఆ బావగారే ఆ నాణేన్ని పదిమంది ముందు చూసి, "ఇది టంకశాల తప్పు కాదు, బయటి దెబ్బ. ఎవరో కావాలని నొక్కి చేశారు" అన్నాడు.

ఇనప్పెట్టెకి తాళంచెవులు రెండే. ఒకటి సంస్థ యజమానిది, నాణెం కూడా ఆయనదే. రెండోది బావగారిది. లక్క మీద కొట్టే ముద్ర మాత్రం ఒక్కటే, అది ఎప్పుడూ బావగారి జేబులోనే ఉంటుంది. అసలు నాణేన్ని మార్చేసినవాడు ఎవడో చెప్పడానికి పెద్ద బుర్ర అక్కర్లేదని అందరూ తేల్చేశారు. ఇవాళ శుక్రవారం, సాయంత్రం పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకెళ్తారు. ఈలోగా ఏదో ఒకటి చెయ్యమని అక్క పొద్దున్నే చెల్లెలి చేతులు పట్టుకుంది.

"బావగారూ, మళ్లీ చెప్పండి. తప్పుకీ దెబ్బకీ తేడా ఏమిటి?"

"ఇప్పటికి రెండుసార్లు చెప్పాను కదా అమ్మాయ్."

"మూడోసారి చెప్తే మీ సొమ్మేం పోదు. నాకింకా బుర్రకెక్కలేదు."

బావగారు తన పరీక్ష గదిలో, తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద గాజు పళ్లెంలో ఆ నాణెం ఉంది. రోజూ చేతులు మారే మామూలు చిల్లర నాణెమే. అయితే దీనికి ఒకవైపు బొమ్మ ఉంది, రెండోవైపు బొరుసు ఉండాల్సిన చోట కూడా బొమ్మే ఉంది. అది పైకి తేలి లేదు, లోపలికి గుంటపడి, అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తిరగబడి ఉంది.

"టంకశాలలో ఉత్త బిళ్లని రెండు అచ్చుల మధ్య పెట్టి యంత్రం గుద్దుతుంది. ఒక్కోసారి ముందు గుద్దిన నాణెం బయటికి రాకుండా ఒక అచ్చుకి అతుక్కుని ఉండిపోతుంది. తరువాత వచ్చే బిళ్లకి ఒకవైపు అచ్చు తగులుతుంది, రెండోవైపు ఆ అతుక్కున్న నాణెం తగులుతుంది. అందుకే రెండోవైపు తిరగబడిన బొమ్మ పడుతుంది. అది నిజమైన తప్పు. లక్షల్లో ఒకటి అలా పుడుతుంది."

"మరి దెబ్బ?"

"ఇద్దరు ముగ్గురు తెలివైనవాళ్లు ఇంట్లో కూర్చుని చేసేది. మామూలు నాణెం మీద ఇంకో మామూలు నాణెం పెట్టి ఇనప వైసులో, రెండు దవడల మధ్య మర తిప్పి బిగిస్తారు. పైకి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. కాకపోతే దీన్ని నొక్కేనాటికి ఇది ఉత్త బిళ్ల కాదు, దీనికి అప్పటికే బొరుసు ఉంది. నొక్కినా అది పూర్తిగా చావదు. అణిగిపోయి ఎక్కడో ఒక మూల మిగులుతుంది." ఆయన భూతద్దాన్ని బల్ల మీదుగా ఆవిడ వైపు తోశాడు. "నేను చెప్పడం దేనికి, నువ్వే చూడు. అంచు దగ్గర, జుట్టు కింద వెతుకు."

సందేహాలమ్మ కన్ను ఆనించింది. మొదట మెరుపు తప్ప ఏమీ కనబడలేదు. నాణేన్ని అటూ ఇటూ వంచితే గుంటపడిన జుట్టు కింద, అంచుని ఆనుకుని, ఒక అంకె కాలు కనిపించింది. అణిగిపోయి, నీడలా ఉంది. బొరుసు మీది అంకె అది.

"కనిపించింది."

"అంతే. అది ఉంటే దెబ్బ, లేకపోతే తప్పు. రెండోవైపు కూడా చూడు. వైసు పళ్లు ఆనిన చోట బొమ్మ చదునుగా ఉండి, సన్నగా గీతలు ఉంటాయి."

ఉన్నాయి. బొమ్మ నుదుటి మీద, దువ్వెనతో దువ్వినట్టు, వరసగా తిన్నటి గీతలు. బొమ్మ మొహం అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా అయిపోయింది.

ఇంత తేలికైన సంగతి ఐదు నిమిషాల్లో ఆవిడకే తెలిసిపోయింది. అలాంటప్పుడు ఇలాంటి నాసిరకం నకిలీని నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి చేతికి ఏ దొంగ ఇస్తాడు? దొంగ ఈయనే అయితే నోరు మూసుకుని ఊరుకోక, పదిమంది ముందు తన మెడకి తనే ఉచ్చు ఎందుకు బిగించుకుంటాడు? ఆవిడకి ఎటు ఆలోచించినా గోడే అడ్డం వచ్చింది.

"సోమవారం మీరు చూసిన నాణేనికి ఈ అంకె కాలు లేదు కదూ?"

బావగారు కుర్చీలో కాస్త వెనక్కి జరిగాడు. "లేదనే రాశాను" అన్నాడు.

"రాశారో లేదో అడగలేదు. ఉందా, లేదా?"

"రాసిందే జవాబు అమ్మాయ్."

తలుపు కొట్టకుండానే తెరుచుకుంది. లోపలికి వచ్చినవాడు ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు. ఎండైనా వానైనా ఒకటే గళ్లకోటు వేసుకుంటాడు కనక పేరు కూడా అదే అయిపోయింది. ఒకప్పుడు ఆయనా సందేహాలమ్మా ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. ఆవిడ ఒక ఫైలు తెరిచేలోపు ఆయన మూడు మూసేసేవాడు. ఆయనకి ప్రమోషన్ వచ్చింది, ఆవిడకి పేరు వచ్చింది.

"ఇంకా పాఠాలు అవుతూనే ఉన్నాయా మేడమ్?"

"మీరు తొందరగా పాసైపోయారు సారూ, నేను మందబుద్ధిని."

"మీ కష్టం తగ్గిద్దామనే వచ్చాను." గళ్లకోటు గది మూలకి నడిచి, బల్లకి బిగించిన చిన్న వైసు మీద చెయ్యి వేశాడు. "ఇది చూశారా? దవడలకి రెండు తోలు ముక్కలు. వాటిమీద గుండ్రంగా నొక్కులు, సరిగ్గా నాణెమంత. తోలు మీద బొమ్మ కూడా పడింది. నకిలీ తయారైన చోటు ఇదే. ఈ గది తాళం మీ బావగారి దగ్గరే ఉంటుంది. ఇంక నేనేమైనా చెప్పాలా?"

సందేహాలమ్మ బావగారి వైపు చూసింది. ఆయన తనకేమీ పట్టనట్టు బల్ల అంచుని వేలితో రాస్తున్నాడు. కాదని ఒక్క మాట అంటే ఆవిడకి కొండంత ధైర్యం వచ్చేది. ఆయన ఆ ఒక్క మాటా అనలేదు.

"మీరే చేశారా బావగారూ?"

"నేను ఆ వైసుని ముట్టుకుని ఏడాది దాటింది."

"అది జవాబేనంటారా?" అన్నాడు గళ్లకోటు.

"మీరు కాసేపు నోటికి తాళం వెయ్యండి సారూ." ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

ఆవిడ వైసు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తోలు ముక్కలు తీసింది. కింద ఇనప దవడలు ఉన్నాయి. వాటిమీద గడులు గడులుగా అడ్డం నిలువు గీతలు చెక్కి ఉన్నాయి, జల్లెడలాగ. ఆవిడ లేచి వచ్చి నాణేన్ని మళ్లీ చూసింది. బొమ్మ నుదుటి మీద గీతలన్నీ ఒకే వైపుకి, తిన్నగా ఉన్నాయి. అడ్డగీత ఒక్కటీ లేదు. మళ్లీ వెళ్లి దవడలు చూసింది. మళ్లీ వచ్చి నాణెం చూసింది.

"ఏమిటా ప్రదక్షిణలు?" అన్నాడు గళ్లకోటు.

"తోలు పెట్టి బిగిస్తే నాణెం మీద గీతలు పడవు. తోలు పెట్టేదే గీతలు పడకుండా. తోలు తీసేసి బిగిస్తే గడులు పడాలి. దీని మీద తిన్నటి గీతలు ఉన్నాయి. అంటే ఈ నాణేన్ని నొక్కింది ఈ వైసు కాదు."

గళ్లకోటు మొహంలో మొదటిసారి కాస్త కదలిక వచ్చింది. ఆయనా వంగి చూశాడు. చూశాక ఒప్పుకోవడం ఆయన వంశంలో లేదు. "ఇంకో వైసులో నొక్కి ఉంటాడు. ఇందులో ముందు సాధన చేసి ఉంటాడు."

"నొక్కడమెలాగో నలభై ఏళ్లుగా జనానికి చెప్పే మనిషి సాధన చేశాడా? చేసి, ఆ తోలు ముక్కల్ని చెత్తబుట్టలో వెయ్యకుండా మీకోసం అలాగే ఉంచాడా?"

"దొంగలు పప్పులో కాలేస్తారు మేడమ్. వాళ్లలా వెయ్యబట్టే మనకి జీతాలు."

ఆయన వెళ్లిపోయాడు. సందేహాలమ్మకి కాస్త ఊపిరి తిరిగినట్టయింది గానీ చిక్కు మాత్రం విడలేదు, ఇంకో ముడి పడింది. ఈ గదిలో నొక్కని నాణెం కోసం ఈ గదిలో గుర్తులు ఎవరు పెట్టారు?

నడవాలో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్లో సంచీ, సంచీలో భర్తకి తెచ్చిన కంచం, గ్లాసు. ఈ ఏడాదిగా అక్క రోజూ ఆయనతో పాటే వచ్చి, సాయంత్రం ఆయనతోనే ఇంటికి వెళ్తోంది. ముసలితనంలో ఈ అన్యోన్యం ఏమిటని ఆఫీసులో వాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు.

"అక్కా, గురువారం ఆయన నాణెం చూసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా?"

"రోజూ ఉంటాగా. భూతద్దం తుడిచి ఇస్తాను."

"సోమవారం కూడానా?"

"సోమవారం నేను ఊళ్లో లేనే. కొత్త భూతద్దం కొనాలి, మంచిదేదో మీకైతే తెలుస్తుందని యజమానిగారే పక్క ఊరికి పంపించారు. కారు కూడా ఇచ్చారు." అక్క చెల్లెలి మొహంలోకి చూడకుండా సంచీ మూతి సర్దింది. "ఆయన్ని వదిలేస్తారంటావా?"

"తెలీదక్కా. నాకేమీ తెలియడం లేదు."

అబద్ధం చెప్పినా బావుండేది. అక్క కళ్లు నిండాయి గానీ ఏడవలేదు.

గళ్లకోటు పక్క గదిలో కాగితాలు సర్దుకుంటున్నాడు. సందేహాలమ్మ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సోమవారం సీలు వేసేటప్పుడు మీరున్నారు. నాణేనికి ఫొటో తీశారా?"

"పాలసీకి ఫొటో లేకుండా ఎలా? తీశాం."

"ఇవ్వండి."

"ఆ ఫొటోతో మీకేం పని? నేను పోల్చి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. అసలుకి నకలు చేసినవాడు ఒకేలా చెయ్యక ఇంకెలా చేస్తాడు?"

"నాకు సందేహం వచ్చింది సారూ. నా పేరు నిలబెట్టుకోనివ్వండి."

"ఫైలు పోలీసులకి వెళ్లిపోయే ముందు మీకు ఇవ్వడం మా రూలు కాదు."

"నేను చూస్తే మీ కేసు కూలిపోతుందని భయమా?"

ఆ మాటకి ఆయనకి పౌరుషం వచ్చింది. ఆవిడకి కావలసింది అదే. ఫైల్లోంచి రెండు ఫొటోలు తీసి బల్ల మీద పడేశాడు. ఒకటి నాణెం, పెద్దది చేసి తీసింది. రెండోది కవరు మీది లక్క ముద్ర.

సందేహాలమ్మ భూతద్దం పెట్టి నాణెం ఫొటో చూసింది. గుంటపడిన చెంప మీద ఒక సన్నటి గీత పైకి లేచి ఉంది. పైన పెట్టి నొక్కిన రెండో నాణెం చెంప మీద ఎప్పుడో గాటు పడి ఉంటే, ఆ గాటు ఇక్కడ గట్టులా లేస్తుంది. ఈ గట్టు పళ్లెంలో ఉన్న నాణెం మీద కూడా ఉందని ఆవిడకి గుర్తే. అది ఒక్కటే అయితే అసలుకి నకలు అనుకోవచ్చు. ఆవిడ ఫొటోని కిటికీ వెలుతురుకి తిప్పి, అంచు దగ్గర, జుట్టు కింద వెతికింది.

అంకె కాలు అక్కడే ఉంది. అదే వంపు, అదే చోటు.

ఇంతసేపూ అందరూ ఎప్పుడు మార్చారు, ఎలా మార్చారు, లక్క చెదరకుండా ఎలా తీశారు అని బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. అసలు ఎవరూ ఏమీ మార్చలేదు. సోమవారం కవర్లోకి వెళ్లినదీ గురువారం కవర్లోంచి వచ్చినదీ ఒకటే నాణెం. అది మొదటినుంచీ దెబ్బే.

గళ్లకోటుకి చూపించింది. ఆయన రెండుసార్లు చూశాడు. ఆయన మొహం పాలిపోయింది, అంతలోనే మళ్లీ రంగు తిరిగింది.

"అయితే ఇంకా నయం. మీ బావగారు దెబ్బ అని తెలిసి తెలిసి అసలైనదని సర్టిఫికెట్ ఇచ్చారన్నమాట. దొంగతనం పోయి మోసం వచ్చింది. శిక్ష ఇంకా పెద్దది. మా కంపెనీ తరఫున మీకు కృతజ్ఞతలు మేడమ్."

బావగారిని గోతిలోంచి లాగుదామని వచ్చి, ఇంకో అడుగు లోతుకి తోసింది. ఆయన మోసగాడని ఆవిడ ఏ జన్మకీ నమ్మదు. ఐదు నిమిషాల్లో తనకే కనిపించిన అంకె కాలు ఆయనకి ఎందుకు కనిపించలేదు? అప్పుడు ఆవిడకి ఒక ఊహ వచ్చింది. రాకుండా ఉంటే బావుండునని కూడా అనిపించింది.

రెండు ఫొటోలూ తీసుకుని పరీక్ష గదిలోకి వెళ్లి తలుపు చేరవేసింది.

"బావగారూ, సోమవారం మీరు చూసిన నాణెం ఇదేనా? ఫొటో చూసి చెప్పండి."

ఆయన ఫొటో అందుకున్నాడు. కాస్త దూరంగా పట్టుకుని, మెడ పక్కకి వంచి, తీరిగ్గా చూశాడు. "ఇదే" అన్నాడు.

ఆయన చేతిలో ఉన్నది లక్క ముద్ర ఫొటో.

సందేహాలమ్మకి ఏడుపొచ్చింది. ఇంత నీచంగా ఎవరినీ ఎప్పుడూ పరీక్షించలేదు. ఆ ఫొటోని ఆయన చేతిలోంచి మెల్లిగా తీసుకుని, అది నాణెం ఫొటో కాదని చెప్పింది. చెప్పకుండా ఉండటం ఇంకా అన్యాయం అనిపించింది.

ఆయన ఖాళీ చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. "చుట్టూ అన్నీ కనిపిస్తాయమ్మాయ్" అన్నాడు. "గోడ కనిపిస్తుంది, కిటికీ కనిపిస్తుంది, నువ్వొచ్చి నిలబడితే తెలుస్తుంది. నేను దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా అది ఒక్కటే మధ్యలోంచి మాయమైపోతుంది. మందులు లేవన్నారు."

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడాది పైమాటే. మీ అక్క పక్కన నిలబడి భూతద్దం తుడుస్తున్నట్టు ముందు తను చూస్తుంది. దెబ్బ అయితే నా మోచేతిని తాకుతుంది. తాకకపోతే తప్పు. సర్టిఫికెట్ తనే రాస్తుంది, నేను సంతకం పెడతాను. ఇన్నాళ్లలో ఒక్కటి కూడా తిరిగి రాలేదు."

"సోమవారం అక్క లేదు."

"లేదు. రేపు చూస్తానన్నాను. ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చి కూర్చున్నారు, ఇప్పుడే కావాలని యజమాని పట్టుబట్టాడు. గోరుతో తడిమి చూశాను. అక్షరాలు పదునుగా ఉన్నాయి. నలభై ఏళ్లు చూసినవాణ్ణి కదా, వేళ్లకి తెలియకపోతుందా అనుకున్నాను. గుమాస్తా చేత రాయించి సంతకం పెట్టాను." ఆయన వేళ్లని ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "గురువారం మీ అక్క మోచెయ్యి తాకగానే, ఎవరో మార్చేశారనే అనుకున్నాను. అంకె కాలు ఎక్కడుందో ఇంటికెళ్లాక తనే చెప్పింది. రాత్రి పడుకున్నాక అనుమానం వచ్చింది. సోమవారం నేను చూసిందేమిటో నాకే తెలియదు. నిజంగా తెలియదు."

"ఈ మాట వాళ్లకి చెప్పేస్తే మీరు దొంగా కారు, మోసగాడూ కారు."

"చెప్పను. దొంగ అంటే ఒక తప్పు చేశాడంటారు. గుడ్డివాడు సర్టిఫికెట్లిచ్చాడంటే, నా సంతకం ఉన్న ప్రతి నాణేన్నీ తెచ్చి నా మొహాన కొడతారు. నా మాట మీద నమ్మకంతో కొన్నవాళ్లందరికీ నేను ఎదురుపడాలి. దానికంటే జైలే నయం."

సందేహాలమ్మకి ఇప్పుడు దారి కనిపించింది. దెబ్బ నాణేనికి అసలైనదని సర్టిఫికెట్ కావాలంటే చూపు లేని పరీక్షకుడు కావాలి. ఆయనకి కళ్లైన అక్క ఆ రోజు ఊళ్లో ఉండకూడదు. ఇన్సూరెన్స్ అయ్యాక ఆ కళ్లు తిరిగొచ్చి, పదిమందిలో ఇది దెబ్బ అనాలి. అప్పుడు అందరూ లేని దొంగని వెతుకుతారు, లేని నాణేనికి ఇన్సూరెన్స్ డబ్బొస్తుంది. వైసు తోలు మీద నొక్కులు పడటానికి ఈ గది తలుపుకి ఇంకో తాళంచెవి ఉంటే చాలు. ఆరోపణ మీదపడ్డ మనిషి పరువు కోసం నోరు విప్పడు. అక్కకి కారిచ్చి మరీ పంపించింది ఎవరో ఇంక ఎవరినీ అడగక్కర్లేదు.

ఆవిడ తలుపు తెరిచేసరికి యజమాని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తెల్లటి చొక్కా, శాంతమైన మొహం. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు.

"మీరు అనుకుంటున్నది వెళ్లి చెప్పే ముందు ఒక్కమాట వినండమ్మా" అన్నాడు, ఇంట్లో పెద్దవాడు చిన్నవాళ్లకి బుద్ధి చెప్పినట్టు. "ఆయనకి చూపు లేదని చెప్తారు. సరే. మరి ఏడాదిగా సర్టిఫికెట్లు ఎవరు రాశారు? ఆవిడ చేతిరాత నా దగ్గర దొంతర్లుగా ఉంది. ఆవిడకి ఉద్యోగం లేదు, అధికారం లేదు. పరీక్షకుడి పేరు మీద దొంగ సర్టిఫికెట్లు పుట్టించిందంటారు. బావగారిని విడిపించుకుని అక్కని జైలుకి పంపిస్తారా? బాగా ఆలోచించుకోండి. నాకు ఎలాగైనా ఫరవాలేదు."

"మీకు ముందే తెలుసన్నమాట."

"నాకేం తెలుసమ్మా, ముసలివాణ్ణి."

సందేహాలమ్మకి ఒళ్లు మండింది. ఇన్ని కేసులు చూసింది గానీ ఇలా రెండు చేతులూ కట్టేసినవాడు ఎవరూ తగల్లేదు. అక్క గురించి ఆయన చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

"నేనే రాశాను."

అక్క బెంచీ మీంచి లేచి వచ్చింది. అంతా ఆవిడ చెవిన పడింది. సంచీ అక్కడే వదిలేసింది, చెంగు నడుముకి దోపుకుంది. "ప్రతి ఒక్కటీ నేనే చూశాను, నేనే రాశాను. పదవే, ఆ గళ్లకోటాయనకి చెబుదాం. వాటిలో ఏ ఒక్కటైనా తప్పని ఎవరైనా తేలిస్తే నన్ను తీసుకెళ్లనీ."

"అక్కా, ఆగు. ఆలోచిద్దాం."

"ఏడాది ఆలోచించాను. చాలు."

ఆవిడ పక్క గదిలోకి దూసుకెళ్లింది. సందేహాలమ్మ ఫొటోలు గుప్పిట్లో నలిపేస్తూ వెనకాలే పరుగెత్తింది. అక్కకి ఎలాగైనా అడ్డం పడాలన్న తొందర తప్ప ఆవిడకి ఇంకేమీ తోచలేదు. గళ్లకోటు కలం మూత తీసి విన్నాడు. విన్నకొద్దీ ఆయన మొహంలో తొందర తగ్గింది. ఆయన ఫైళ్లు తొందరగా మూస్తాడు గానీ చెడ్డవాడు కాదు.

"ఇది రాసుకుంటే ఇప్పుడు వచ్చేవాళ్లు మిమ్మల్ని తీసుకెళ్తారు. తెలుసా అమ్మా?"

"రాసుకోండి."

"రాసుకోవద్దు."

బావగారు గుమ్మంలో ఉన్నాడు. గోడని పట్టుకుని వచ్చాడు. వెనకాల నడవాలో గుమాస్తాలు, నాణేలు కొనడానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురు పోగయ్యారు. వాళ్లందరికీ వినబడేలాగే ఆయన మాట్లాడాడు.

"నాకు కనబడదు. ఏడాదిగా కనబడటం లేదు. ఆవిడ నా కోసం చూసింది, నేను చెబితే రాసింది. సోమవారం ఆవిడ లేనప్పుడు ఈ నాణేన్ని నేను చూడకుండానే చూశానని సంతకం పెట్టాను. ఇందులో నేరం ఏదైనా ఉంటే అది నాది."

కొనేవాళ్లలో ఒకాయన తన చేతిలోని డబ్బీ తెరిచి, లోపలి నాణేన్ని కాసేపు చూసి, మళ్లీ మూసేశాడు. బావగారికి అది కనబడలేదు గానీ డబ్బీ మూత చప్పుడు వినబడింది. ఆయన మొహం నల్లబడిపోయింది. అక్క వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

గళ్లకోటు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీరు చెప్పింది నిజమే అనిపిస్తోంది. కానీ నాకు అనిపిస్తే చాలదు. ఫొటో పక్కన నాణెం పెట్టి, రెంటి మీదా ఆ అంకె కాలు, ఆ చెంప గట్టు పోలీసులకి చూపించాలి. అప్పుడే ఏదీ మారలేదని తేలుతుంది. నాణెం తీసుకురండి."

"ఆ ఒక్కటే ఇంక నాకు సాక్షి" అన్నాడు బావగారు. ఆయన గొంతులో పొద్దుట్నుంచి లేని తేలిక వినబడింది. "పరువు ఎలాగూ పోయింది. దొంగ అనే మాటన్నా పోనీ. వెళ్లు అమ్మాయ్, పట్రా."

సందేహాలమ్మ పరీక్ష గదిలోకి వెళ్లింది. కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మంలో యజమాని లేడు, వెనక మెట్ల వైపు తలుపు తెరిచి ఉంది. బల్ల మీద గాజు పళ్లెంలో ఏమీ లేదు. కంగారులో ఆ మనిషిని, ఈ నాణేన్ని ఒకే చోట వదిలేసి వెళ్లింది తనే.

ఆవిడ పళ్లెం పట్టుకుని తిరిగి వచ్చింది. గళ్లకోటు దాన్ని చూసి కలం కింద పెట్టేశాడు. అక్క చూసి కళ్లు మూసుకుంది. బావగారు ఒక్కడే చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు.

"తెచ్చావా? జాగ్రత్తగా ఉంది కదా?"

పళ్లెం ఖాళీగా ఉందని ఆ గదిలో తెలియనిది ఆయనకే. ఆ మాట ఆయనకి సందేహాలమ్మే చెప్పవలసి వచ్చింది.